అంగదుడి సందేహం

సుందరకాండ పారాయణ చేసే ఇళ్ళు మా వైపు చాలా ఉన్నాయి. కొండగట్టు అంజన్న మాల వేసుకున్నవాళ్ళలో దీక్ష ముగిసేదాకా దాన్ని విడవనివాళ్ళను చూశాను. అయితే పారాయణ మొదలయ్యేది హనుమంతుడు లంకకు ఎగరడానికి సిద్ధపడి మహేంద్రగిరి మీద నిలబడ్డ చోట. అంతకు కాస్త ముందు, కిష్కింధకాండ చివర, సముద్రపు ఒడ్డున ఒక సభ జరిగింది. అది పారాయణలోకి రాదు కనుక చాలామందికి గుర్తుండదు. సాధకుడు ఏడాదికొకసారైనా తెరిచి చదువుకోవలసిన ఘట్టం అదేనని నా నమ్మకం.

సీత నూరు యోజనాల అవతల లంకలో ఉందని సంపాతి చెప్పాడు. వానరులు ఒడ్డుకు వచ్చి నీటిని చూసి దిగులుపడ్డారు. అప్పుడు అంగదుడు అందరినీ కూర్చోబెట్టి, ఎవరు ఎంత దూరం దూకగలరో చెప్పమన్నాడు. గజుడు పది యోజనాలన్నాడు. గవాక్షుడు ఇరవై అన్నాడు. గంధమాదనుడు యాభై, మైందుడు అరవై, ద్వివిదుడు డెబ్భై, సుషేణుడు ఎనభై. ముసలి జాంబవంతుడు లేచి, వామనుడు త్రివిక్రముడై పెరిగిన రోజున ఆయన చుట్టూ ప్రదక్షిణం చేసి వచ్చిన ఒళ్ళు ఇది, ఇప్పుడు తొంభై దాకా పోగలను, కానీ దానితో పని జరగదు అన్నాడు. చివరికి అంగదుడు తన మాట చెప్పాడు. నూరు యోజనాలూ దూకగలను, తిరిగి రాగలనో లేదో చెప్పలేను.

ఆ సభలో ఎవరూ అంకె పెంచి చెప్పలేదు. తగ్గించి చెప్పి తప్పుకున్నవాడూ లేడు. పది అన్నవాడిని చూసి ఎవరూ నవ్వలేదు. తొంభై అన్న పెద్దాయన తన పాత కథ చెప్పుకున్నాడు గానీ దాన్ని ఇవాళ్టి లెక్కలో కలపలేదు. శక్తిని కొలుచుకునేటప్పుడు గర్వమూ భయమూ రెండూ త్రాసు మీద చెయ్యి వేస్తాయి. ఆ రెండు చేతులనూ తీసి అంకె చెప్పగలిగిన సభ అది. వేదాంత గ్రంథాలు మొట్టమొదట అధికారి ఎవరో తేల్చుకోమంటాయి. సదానందుడు వేదాంతసారంలో అధికారి, విషయం, సంబంధం, ప్రయోజనం అని నాలుగు అనుబంధాలు పెట్టి, అధికారి లక్షణం చెప్పిన తర్వాతే ముందుకు కదులుతాడు. ఒడ్డున కూర్చున్న వానరులు చేసింది ఆ పనే.

ఈ ఘట్టం మీద నా మనసు ఇప్పుడు నిలవడానికి కారణం ఉంది. మా బంధువుల పిల్లలు కొందరు ఈ చలికాలంలో ఒమాన్ దేశపు కొండలెక్కడానికి ప్రయాణం కట్టారు. ఉద్యోగాలు హైదరాబాదులో, ఇళ్ళు కరీంనగర్‌లో. సెలవుకు వచ్చినప్పుడు మా వరండాలో కూర్చుని కాగితం మీద లెక్కలు వేసుకుంటుంటే పక్కన కూర్చుని విన్నాను. ఒకడు అన్నాడు: “నేను సిక్స్ ఏ దాక ఎక్కుత. అది గ్రానైట్ మీద. సున్నపురాయి మీద ఎట్లుంటదో తెల్వదు.” ఇంకొకడు, “నాకు ఫైవ్ దాటితే కష్టమే, ముందే చెప్తున్న” అన్నాడు. అవి రాతి దారుల కష్టాన్ని కొలిచే గ్రేడులట. నాకు గజుడూ గవాక్షుడూ గుర్తొచ్చారు.

వాళ్ళ సందేహంలో పస ఉంది. మన గుట్టలు గ్రానైటువి. భూమి లోపలి వేడిలో కరిగి, చల్లారి, గట్టిపడ్డ రాయి. వయసు 250 కోట్ల ఏళ్ళకు తక్కువ ఉండదంటారు భూగర్భ శాస్త్రజ్ఞులు. దాని మీద పట్టుకోవడానికి పెద్దగా ఏమీ దొరకదు. పాదం ఆనించి, ఒళ్ళు బరువు పాదం మీద వేసి, ఆ రాపిడిని నమ్మి లేవాలి. ఒమాన్‌లోని హజర్ కొండల్లో ఎక్కువ భాగం సున్నపురాయి. ఒకప్పటి సముద్రగర్భంలో గుల్లలూ మట్టీ పేరుకుని అయిన రాయి. దాంట్లో వేళ్ళు దూరే గుంతలుంటాయి, పట్టు పదునుగా ఉంటుంది, చేతుల బలం ఎక్కువ కావాలి. ఒక రాతి మీద ఏళ్ళ తరబడి వచ్చిన అలవాటు ఇంకో రాతి మీద అడ్డుపడుతుంది. జపంలో కుదిరిన మనసు ధ్యానంలో కుదరకపోవడం, ఇంట్లో శాంతంగా ఉన్నవాడు బజారులో ఉండలేకపోవడం సాధకులు ఎరిగిన సంగతే. సంస్కారం బలమే, కానీ అది ఏ నేల మీద పడిన సంస్కారమో తెలుసుకుని ఉండాలి.

గుట్టల మాట వచ్చింది కనుక ఒకటి చెప్పుకోవాలి. గంగాధర మండలం కురిక్యాల దగ్గర బొమ్మలమ్మ గుట్ట ఉంది. పదో శతాబ్దిలో కన్నడ మహాకవి పంపడి తమ్ముడు జినవల్లభుడు ఆ రాతి మీద జినులనూ చక్రేశ్వరినీ చెక్కించి, సంస్కృతం, కన్నడం, తెలుగు మూడు భాషల్లో శాసనం వేయించాడు. అందులో మూడు తెలుగు కందపద్యాలున్నాయి. నన్నయ కంటే ముందు నాటి కందాలు మన కరీంనగర్ రాతి మీద నిలిచాయి. ఆ జాతి రాయినే ఇవాళ టాన్ బ్రౌన్ అని పేరు పెట్టి పలకలుగా కోసి ఓడలెక్కిస్తున్నారు. కొండలెక్కాలని విదేశం పోయే పిల్లలు ముందు మన గుట్టలెన్ని మిగిలాయో చూసి పోవాలని నా కోరిక.

తిరిగి ఒమాన్ ప్రయాణానికి వస్తాను. వాళ్ళ కాగితంలో సగానికి పైగా ఎండే ఆక్రమించింది. వేసవిలో ఆ దేశంలో రాయి ముట్టుకోలేం. నవంబరు నుంచి మార్చి దాకానే ఎక్కే కాలం. ఆ కాలంలోనూ ఏ గోడకు ఎండ ఎప్పుడు పడుతుందో, ఎప్పుడు తొలుగుతుందో ముందే తెలుసుకోవాలి. పొద్దున నీడలో ఉన్న రాయి మధ్యాహ్నానికి కాలుతుంది. లోయల్లో నీళ్ళు దొరుకుతాయన్న భరోసా లేదు, మోసుకుపోవాలి. జెబెల్ షమ్స్ ఎత్తు సుమారు 3000 మీటర్లు, అక్కడ రాత్రి చలి వేరు. జెబెల్ మిష్త్ అనే కొండకు వేయి మీటర్ల నిలువు గోడ ఉంది. 1979లో ఒక ఫ్రెంచి బృందం దాన్ని మొదట ఎక్కింది. మా పిల్లలు దాని జోలికి పోవడం లేదు. అది తమ అంకె కాదని వాళ్ళే కొట్టేసుకున్నారు. ఆ గీత చూసి నాకు సంతోషం వేసింది.

కానీ నన్ను పట్టి నిలబెట్టింది తాడు లెక్క. బోల్టులు కొట్టి ఉన్న దారిలో ఎక్కేవాడు నడుముకు తాడు కట్టుకుని, బోల్టు బోల్టుకూ దాన్ని తగిలించుకుంటూ పైకి పోతాడు. రెండో మనిషి కింద నిలబడి ఆ తాడును తన నడుముకున్న పరికరం గుండా వదులుతూ, పడితే ఆపడానికి సిద్ధంగా ఉంటాడు. పైకి చేరినవాడు చివరి కొక్కెంలో తాడు వేసి, కింది మనిషి కొద్దికొద్దిగా వదులుతుంటే దిగివస్తాడు. అంటే ముప్ఫై అయిదు మీటర్ల దారికి డెబ్భై మీటర్ల తాడు కావాలి. సగం పోవడానికి, సగం రావడానికి. అరవై మీటర్ల తాడుతో ముప్ఫై అయిదు మీటర్లూ ఎక్కవచ్చు, ఏ ఇబ్బందీ తెలియదు. దిగేటప్పుడు నేలకు ఇంకా పది మీటర్లు ఉండగానే తాడు కొస కింది మనిషి చేతిలోంచి జారిపోతుంది. పైన ఉన్నవాడు పడతాడు. అందుకని ఎక్కడం మొదలుపెట్టక ముందే తాడు కొసన ఒక ముడి వేస్తారు. ఆ ముడి ఎక్కేవాడికి ఎందుకూ పనికిరాదు. అది తిరిగి రావడం కోసం నేల మీద వేసుకున్న ముడి.

అంగదుడి దగ్గర నూరు యోజనాల తాడుంది. ఆయన తాడు కొస చూసుకున్నాడు.

ఈ సందేహాన్ని పిరికితనమనుకోవడానికి వీల్లేదు. దానికి సాక్ష్యం హనుమంతుడే. అశోకవనంలో శింశుపా వృక్షం మీద కూర్చుని, సీతతో ఏ భాషలో ఎలా మాట్లాడాలా అని ఆయన తర్కించుకునే సర్గ ఉంది. నేను మాట్లాడితే ఆమె భయపడి అరిస్తే, రాక్షసులు వస్తే, యుద్ధమైతే వేలమందిని చంపగలను, కానీ ఆ అలసటతో మళ్ళీ సముద్రం దాటలేనేమో. నేను పట్టుబడితే రాముడి పని ఎవరు చేస్తారు అని ఆలోచిస్తాడు. అంగదుడు ఒడ్డున పడ్డ సందేహమే హనుమంతుడు లంకలో పడ్డాడు. అందుకే గొంతు తగ్గించి రామకథతో మొదలుపెట్టాడు. ఆయన నేర్పరితనమంతా ఆ సందేహంలోంచి వచ్చింది.

ఇంకో ముచ్చట ఆ సభలోనే ఉంది. ఒక పక్కన మాట్లాడకుండా కూర్చున్న హనుమంతుడికి జాంబవంతుడు ఆయన పుట్టుక గుర్తుచేస్తూ చిన్ననాటి కథ చెబుతాడు. ఉదయించే సూర్యుణ్ణి పండనుకుని పసివాడు ఎగిరాడు. మూడు వందల యోజనాలు పోయాడు. ఇంద్రుడి వజ్రం తగిలి కొండ మీద పడ్డాడు, దవడ విరిగింది. ఇక్కడ దాటవలసింది నూరు యోజనాలే. బలం మాటకొస్తే ఆ పసివాడికే మూడింతలుంది. లేనివి ఏవి? తాను అందుకోబోతున్నది ఏమిటో తెలియదు, అంటే విషయం లేదు. ఎందుకు పోతున్నాడో చూస్తే ఆకలి తప్ప ప్రయోజనం లేదు. ఎవరినీ అడగలేదు, ఎవరికీ చెప్పలేదు, తిరిగి రావడమన్న ఊహే లేదు. రెండోసారి ఎగిరినప్పుడు విషయం సీత, ప్రయోజనం రామకార్యం, సంబంధం చేతిలోని ఉంగరం, పంపిన సభ ఒడ్డున ఎదురుచూస్తోంది. ఎండ వైపు ఎగిరిన మొదటి ఎగురుకూ, దక్షిణాన లంకకు ఎగిరిన రెండో ఎగురుకూ మధ్య హనుమంతుడిలో పెరిగింది బలం కాదు.

ఇక ఉపనిషత్తుకు పోదాం. కఠోపనిషత్తులో నచికేతుడు యముడి ఇంటికి పోయి మూడు రాత్రులు ఉపవాసముంటాడు. యముడు వచ్చి మూడు వరాలు కోరుకోమంటాడు. ఉపన్యాసకులు మూడో వరం మీదే గంటలు గడుపుతారు; చచ్చిపోయాక జీవుడుంటాడా లేడా అన్న ఆ ప్రశ్న అంత గొప్పది. కానీ మొదటి వరం ఏమడిగాడు? నువ్వు నన్ను వదిలాక నేను ఇంటికి పోతే నాన్న కోపం పోయి, నన్ను గుర్తుపట్టి, మునుపటిలా పలకరించాలి అన్నాడు. మృత్యువు గడప మీద నిలబడిన పిల్లవాడు ముందుగా తిరుగు ప్రయాణం ఖాయం చేసుకున్నాడు. ఆత్మవిద్య ఆ తర్వాతే. తాడు కొస ముడి వేసుకున్న తర్వాతే ఎక్కడం.

మన ఉమ్మడి కరీంనగర్ జిల్లా వాళ్ళకు యముడు కొత్తవాడేం కాదు. కాళేశ్వరంలో ఒకే పానవట్టం మీద రెండు లింగాలున్నాయి, ఒకటి కాలుడిది, ఒకటి ముక్తీశ్వరుడిది. ధర్మపురిలో నరసింహస్వామి ఆవరణలో యమధర్మరాజు గుడి ఉంది; ధర్మపురికి వస్తే యమపురి ఉండదని మనవాళ్ళ నానుడి. కాలుడిని, ముక్తిని ఒకే పీఠం మీద నిలిపిన పెద్దలు నచికేతుడి కథను రాతిలో చెప్పారని నాకనిపిస్తుంది. కాలాన్ని లెక్కలోకి తీసుకోకుండా ముక్తి వైపు పోలేమని.

అదే ఉపనిషత్తు రెండో అధ్యాయంలో ఇంద్రియాల ద్వారాలు బయటికి తెరుచుకుని ఉన్నాయని, అందుకే మనిషి బయటనే చూస్తాడని, ఏ ధీరుడో ఒక్కడు చూపు వెనక్కి తిప్పుతాడని చెప్పారు. బయటికి పోవడానికి ఎవరి సాయమూ అక్కర్లేదు, ద్వారం అటే ఉంది. వెనక్కి తిరగడానికే ధైర్యం కావాలి. పతంజలి చెప్పిన ఎనిమిది అంగాల్లో ప్రత్యాహారం ఐదవది, బహిరంగ సాధనాల్లో చివరిది. యమనియమాలు, ఆసనం, ప్రాణాయామం ఎంత చేసినా ఈ మలుపు తిరగకపోతే ధారణ దాకా అడుగు పడదు. ఛాందోగ్యంలో ఉద్దాలకుడు శ్వేతకేతువుకు దారం కట్టిన పక్షిని చూపిస్తాడు. అది అన్ని దిక్కులకూ ఎగిరి, ఎక్కడా నిలవలేక, కట్టిన చోటికే వచ్చి వాలుతుంది. మనసు కూడా అట్లాగే ప్రాణాన్ని ఆశ్రయిస్తుందంటాడు. దారం ఆ పక్షిని ఎగరనివ్వకుండా ఆపలేదు. ఎటు వాలాలో మాత్రం మరవనివ్వలేదు.

పెద్ద కొండలెక్కేవాళ్ళు ఇంకో నియమం పెట్టుకుంటారు. వెనక్కి తిరిగే వేళ. శిఖరం అందినా అందకపోయినా ఫలానా గంటకు తిరిగిపోవాలని కింది శిబిరంలోనే నిర్ణయం. 1996 మే 10, 11 తేదీల్లో ఎవరెస్టు మీద ఎనిమిది మంది చనిపోయారు. ఆ రోజు ఆ వేళ దాటినా శిఖరం కనబడుతోందని పైకే పోయినవాళ్ళున్నారు. సాయంత్రం తుపాను దిగేదారిలో పట్టుకుంది. వాళ్ళలో అనుభవజ్ఞులు లేకపోలేదు. అంత ఎత్తున ప్రాణవాయువు తక్కువ, మెదడు సరిగా పనిచేయదు; పైన ఆలోచించే మనసు, కింద ఆలోచించిన మనసు ఒకటి కావు. కనుక తెలివి తేటగా ఉన్న చోట చేసుకున్న నిర్ణయం, తెలివి మసకబారిన చోట మనల్ని కట్టి ఉంచాలి. మనం పూజకు ముందు చెప్పుకునే సంకల్పం పని కూడా ఇదే. ఏ ద్వీపంలో, ఏ వర్షంలో, గోదావరికి ఏ వైపున, ఏ సంవత్సరం, ఏ తిథి, ఏ గోత్రం వాడు, ఏ ఫలం కోసం అని వరుసగా చెప్పించి గానీ పురోహితుడు పువ్వు చేతికివ్వడు. గోదావరికి దక్షిణాన ఉన్న కరీంనగర్ వాడు ఒక మాట, ఉత్తరాన ఉన్న ఆదిలాబాద్ వాడు ఇంకో మాట చెప్పాలి. నేను ఎక్కడ నిలబడి ఉన్నానో అది చెప్పనిదే ఎక్కడికి పోతానో చెప్పడం కుదరదు. గబగబా చదివేసి అసలు పూజకు పోదామనుకుంటాం గానీ, పూజ మధ్యలో మనసు చెదిరినప్పుడు తిరిగి వచ్చి ఆనుకోవడానికి ఆ సంకల్పమే మిగులుతుంది.

తాడు గురించి ఇంకో సంగతి క్లుప్తంగా చెబుతాను. కింది మనిషి పట్టుకున్న తాడు ఎక్కేవాణ్ణి పైకి లాగదు. ఎక్కడం పూర్తిగా వాడి కాళ్ళచేతుల పని. పడితే మాత్రం తాడే ఆపుతుంది. శ్రీవైష్ణవంలో కోతిపిల్ల తల్లిని పట్టుకున్నట్టు జీవుడు దేవుణ్ణి పట్టుకోవాలా, పిల్లికూనను తల్లి నోట కరుచుకున్నట్టు దేవుడే మోసుకుపోతాడా అని వడగల, తెంగల సంప్రదాయాల మధ్య శతాబ్దాల వాదం నడిచింది. కొండ మీద ఆ రెండూ ఒకే మనిషిలో కనిపిస్తాయి. ఎక్కుతున్నంత సేపూ కోతిపిల్ల, జారిన క్షణంలో పిల్లికూన. తాడుందన్న నమ్మకం లేకపోతే మొదటి ప్రయత్నమే చేయడు. తాడుంది కదా అని చేతులు వదిలితే ఒక్క అడుగూ పైకి పోడు. కృప, పురుషకారం అంటూ మనం విడదీసి వాదించుకునేవి ఆచరణలో ఇంత దగ్గరగా ఉంటాయి. ఎక్కే ముందు ఇద్దరూ ఒకరి ముడిని ఒకరు, ఒకరి నడుంపట్టీని ఒకరు తడిమి చూసుకుంటారు. ఎంత అనుభవం ఉన్నా ఈ తనిఖీ మానరు. తన ముడి తనకు సరిగ్గానే కనబడుతుంది, అందుకే రెండో కన్ను కావాలి. జాంబవంతుడు హనుమంతుడికి అయ్యింది ఆ రెండో కన్నే.

మన పొరుగు నిజామాబాద్ జిల్లా పాకాల అనే చిన్న ఊరి నుంచి మలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. అప్పటికి ఆమెకు పద్నాలుగేళ్ళు నిండలేదు. ఆమెతో పాటు ఖమ్మం జిల్లా ఆనంద్ కుమార్. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు. అంత చిన్న వయసులో అంత ఎత్తు అని దేశం ఆశ్చర్యపోయింది గానీ, ఆ కథ మొదలైంది భువనగిరి ఖిల్లా ఏకశిల మీద. అక్కడ తాడు కట్టుకోవడం, పాదం నమ్మడం, దిగడం నేర్చుకున్నారు. తర్వాత డార్జిలింగ్, తర్వాత లద్దాఖ్ చలి. ఒక్కో మెట్టు మీద కొందరు ఆగారు, కొందరు ముందుకు పోయారు. వానర సభ నెలల తరబడి సాగినట్టు. పూర్ణ అక్కడితో ఆగలేదు. 2016లో టాంజానియాలోని కిలిమంజారో ఎక్కింది. భూమధ్యరేఖకు దగ్గరలో, మండే ఎండల దేశంలో, 5895 మీటర్ల ఎత్తున మంచుండే కొండ అది. 2022లో ఉత్తర అమెరికాలోని దెనాలీతో ఏడు ఖండాల శిఖరాలూ పూర్తిచేసింది. పత్రికలు ఏడు శిఖరాలని రాశాయి. ఏడుసార్లు క్షేమంగా దిగివచ్చిందని చదువుకున్నాను నేను.

ఆదిలాబాద్ అడవుల్లో తిరుగు ప్రయాణమే యాత్రగా సాగే ఆచారం ఒకటుంది. కేస్లాపూర్ నాగోబా జాతరకు ముందు పుష్యమాసంలో నెలవంక చూసి మెస్రం వంశీయులు గంగాజలం కోసం బయలుదేరతారు. ఊరూరూ ఆగుతూ, కాలినడకన, జన్నారం వైపు గోదావరిలోని హస్తినమడుగు దాకా పోతారు. ఝరి అనే పాత్రలో నీళ్ళు నింపుకుని మళ్ళీ అదే నడక కేస్లాపూర్‌కు. ఆ నీళ్ళతో పుష్య అమావాస్య రాత్రి నాగోబాకు అభిషేకం. పోయేటప్పుడు ఝరి ఖాళీ. వచ్చేటప్పుడు నిండుగా ఉంటుంది, ఒలకకూడదు. ఎవరు పోవాలి, ఎక్కడ ఆగాలి, ఏ రాత్రికి చేరాలి అన్నది కేస్లాపూర్‌లో పెద్దలు కూర్చుని ముందే తేల్చుకుంటారు. ఏ గ్రంథమూ ప్రత్యాహారాన్ని ఇంత స్పష్టంగా నాకు చూపించలేదు. పోయింది నది దాకా, కానీ దేవుడున్నది ఇంటి దగ్గర. నదిని ఇంటికి మోసుకురావడానికే నడక.

ఇప్పుడు అసలు బరువైన మాటకు వస్తాను. మా జిల్లాల్లో ఎండల దేశం అంటే కొండలెవరికీ గుర్తురావు. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ ఊళ్ళలో “మస్కట్ పోయిండు”, “దుబాయి పోయిండు” అన్న మాట వినని వాడకట్టు ఉండదు. మా పిల్లలు ఏ దేశానికి సరదాగా టికెట్టు తీసుకున్నారో, అదే దేశానికి వాళ్ళ తాతల ఊరి మనుషులు అప్పు తెచ్చి, ఏజెంటుకు కట్టి పోయారు. సిమెంటు పనికి, ఊడ్చే పనికి, ఒంటెలు కాచే పనికి. ఆ ప్రయాణంలో పోవడానికి సరిపడా తాడే ఇచ్చారు వాళ్ళకు. పాస్‌పోర్టు యజమాని దగ్గర, వీసా యజమాని పేరు మీద, అప్పు ఊళ్ళో. కొసన ముడి వేసేవాళ్ళు లేరు. 2018లో ఎమిరేట్స్ ప్రభుత్వం క్షమాభిక్ష ప్రకటించినప్పుడు కాగితాలు లేక ఏళ్ళుగా ఇరుక్కున్నవాళ్ళలో మన తెలంగాణ వాళ్ళూ ఉన్నారు. కొందరు పెట్టెల్లో వచ్చారు. తండ్రి గుర్తుపట్టాలని నచికేతుడు కోరిన వరం ఉత్త కథ కాదని, పదేళ్ళకు వచ్చిన నాన్నను చూసి తల్లి వెనక దాక్కునే పిల్లలున్న ఇళ్ళకు తెలుసు.

అంగదుడు అన్న మాటకు జాంబవంతుడు ఇచ్చిన జవాబు ఇక్కడ చదువుకోవాలి. నువ్వు పోయి రాగలవు నాయనా, నాకు తెలుసు, కానీ నువ్వు ఈ గుంపుకు మూలానివి, నిన్ను మేం కాపాడుకోవాలి, పంపకూడదు అన్నాడు. పంపేవాడి మీద ఒక బాధ్యత ఉందని ఆ మాటకు అర్థం. తిరిగి రావడం మీద సందేహం ఉన్నవాణ్ణి పంపకూడదు. పంపితే అతని తాడు మన చేతిలో ఉండాలి. సాధనలో గురువుకూ, కొండ మీద కింద నిలబడ్డ స్నేహితుడికీ, ఊళ్ళో కొడుకును విమానమెక్కించే తండ్రికీ, మనుషుల్ని పంపే ప్రభుత్వానికీ ఇది ఒకే నియమం. హనుమంతుణ్ణి పంపాక వానరులు ఒడ్డునే ఉన్నారు. ఆయన తిరిగి వచ్చేదాకా అక్కడి నుంచి కదలలేదు. ఆయన వచ్చాక చెప్పిన మొదటి మాట సీత కనిపించిందని. ఆ మాట ఒడ్డుకు చేరకపోయి ఉంటే లంక కాల్చినా ఫలితం లేదు.

కనుక ఒమాన్ పోతున్న మా పిల్లలకూ, వాళ్ళలాంటి మరెందరికో రెండు మాటలు చెప్పి ముగిస్తాను. కాగితం మీద పోయే దారి రాసుకున్నంత శ్రద్ధగా వచ్చే దారి రాసుకోండి. ఏ వేళకు వెనక్కి తిరుగుతారో ఇంట్లో ఒకరికి చెప్పి పోండి, చెప్పిన వేళకు తిరగండి. శంషాబాద్ నుంచి మస్కట్‌కు నేరుగా విమానముంది. దిగిన తర్వాత అన్ని రోజులూ కొండలకే ఇవ్వకుండా, ఒక శుక్రవారం సాయంత్రం రువీ బజారుకు పోండి. సెలవునాడు మన వాళ్ళు అక్కడికి వస్తారు. తెలుగు వినబడితే ఆగి, ఏ ఊరని అడగండి. జగిత్యాల పక్క ఊరనో, ఖానాపూర్ అవతలనో చెప్తారు. ఇంటికి పిల్లల కోసం ఏదైనా పంపాలనుకుంటే, మీ కళ్ళ ముందర కట్టిన మూట తీసుకోండి. తిరుగు సంచిలో అయిదు కిలోల చోటు ఇప్పుడే వదిలి పెట్టుకోండి.